అమ్మ డబ్బాలో ఏడు రకాల విటమిన్లు, అయినా తగ్గని తిమ్మిర్లు

సీతమ్మధార అమ్మాయి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 63. మధుమేహానికి 11 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. థైరాయిడ్ మాత్ర అంతకంటే పాతది. మాది శుద్ధ శాకాహారపు ఇల్లు, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. పోయిన వారం ఆమె మంచం పక్కనుండే బిస్కెట్ల రేకు డబ్బా సర్దుతుంటే, ఈ రెండు మందులూ కాక మరో ఏడు రకాలు బయటపడ్డాయి. కాల్షియం, 60,000 యూనిట్ల విటమిన్ డి గుళికలు, ఒక మల్టీవిటమిన్, జుట్టు రాలకుండా బయోటిన్, మోకాళ్ల నొప్పికి పసుపు సారం, నీరసానికి ఐరన్, చివరగా అమెరికా నుంచి పిన్ని కూతురు తెచ్చి ఇచ్చిన చేప నూనె. సీసా మీద ఉన్నదంతా ఇంగ్లీషు కనుక అది చేప నుంచి తీసినదని అమ్మకు తెలియదు. గుండెకు మంచిదట అని రోజూ వేసుకుంటోంది. ఆ సంగతి చెప్పడానికి నాకింకా నోరు రాలేదు.

ఇవన్నీ ఒకే చేత రాసినవి కావు. విటమిన్ డి ఏడాది క్రితం డాక్టరు గారు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు రాశారు, అమ్మ ఈ రోజుకీ ఆపలేదు. మిగిలినవి శివాజీ పార్కులో నడకకు వచ్చే స్నేహితులు, టీవీ, చుట్టాలు కలిసి చేర్చినవి. ఉదయం ఆరున్నరకు కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, థైరాయిడ్ మాత్రతో సహా అన్నింటినీ గుప్పిట్లో పోసుకుని రెండు గుక్కల్లో మింగేస్తుంది. ఇన్ని వేసుకుంటున్నా, అరికాళ్లలో తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉండటం ఆరు నెలలుగా పెరుగుతూనే ఉన్నాయి. షుగరు ఉన్నవాళ్లకు మామూలే అని సరిపెట్టుకున్నాం. దీనికి తోడు, పోయినసారి రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ తక్కువైతే పెరిగే అంకె) ఎక్కువగా ఉందని థైరాయిడ్ మోతాదు పెంచితే, ఈసారి పరీక్షలో అది బాగా పడిపోయి కనిపించింది. మనిషి మాత్రం మునుపటిలాగే మందకొడిగా ఉండి, ఫ్యాను వేస్తే చలి అంటోంది. మే నెల విశాఖలో చలి ఏమిటో నాకు అర్థం కావడం లేదు. వీటిలో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో, డాక్టరు గారిని ఏమేమి అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

పాత మందుల కొట్టు

అమ్మా, నేను డాబా గార్డెన్స్‌లో 29 ఏళ్లు మందుల దుకాణం నడిపి, ఈ మధ్యనే మా అబ్బాయికి అప్పగించినవాణ్ణి. మీరు చెప్పిన ఏడింటిలో ఏది మంచిది, ఏది అనవసరం అన్నది తరువాతి మాట. అన్నీ ఒకే గుక్కలో వేయడం మొదటి తప్పు. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి, ఆ తరువాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు కాఫీ కూడా ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ అయితే ఆ మాత్రను పేగులోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు కనుక, వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కాఫీ, టీలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం పక్కనుంటే ఐరన్ ఇంకా తక్కువ పడుతుంది. అంటే మీ అమ్మగారి గుప్పిట్లో మందులు ఒకదాని కాలు ఒకటి పట్టుకుని లాగుతున్నాయి.

కాల్షియం అట్ట వెనుక ఒకసారి చూడండి. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అందులో ఒంటికి లెక్కకొచ్చే కాల్షియం 500 మాత్రమే. జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని చెప్పింది. పావు లీటరు పాలలో సుమారు 300 ఉంటుంది. ఆమె పాలు, పెరుగు ఎంత తీసుకుంటారో లెక్కవేసి, తగ్గిన మేరకు మాత్ర చాలు. అదీ భోజనంతో పాటు వేసుకోవాలి, ఎందుకంటే కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం అవసరం.

విటమిన్ డి విషయంలో మా వృత్తి తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎనిమిది వారాలకు రాసిన చీటీ పట్టుకుని ఎనిమిది నెలల పాటు వచ్చేవారికి నేనూ అమ్మాను. అడిగేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. సి, బి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా కాదు, కొవ్వులో కరిగి ఒంట్లో నిలువ ఉంటుంది. వారానికి 60,000 అంటే రోజుకు ఎనిమిదిన్నర వేల యూనిట్లు. వైద్య పర్యవేక్షణ లేకుండా రోజుకు 4,000 దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, మలబద్ధకం, వికారం, మూత్రపిండాల్లో రాళ్ల వరకు పోవచ్చు. ముందు దాని స్థాయి, రక్తంలో కాల్షియం, రెండూ పరీక్ష చేయించండి.

సూక్ష్మదర్శిని

నేను వైద్య పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తాను. టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పడిపోయి మనిషి మాత్రం మారలేదంటే, నా కన్ను మొదట ఆ బయోటిన్ మీద పడుతుంది. జుట్టు మాత్రల్లో అది సాధారణంగా 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. మా యంత్రాల్లో చాలా వాటిలో పరీక్ష రసాయనాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి వాడే బంధమే బయోటిన్. రక్తంలో అది దండిగా తిరుగుతుంటే ఆ బంధం చెడి, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ, థైరాయిడ్ హార్మోను టీ4 ఎక్కువగానూ చూపిస్తుంది. చూసేవారికి థైరాయిడ్ మందు ఎక్కువైనట్టే అనిపిస్తుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పుగా తక్కువ చూపిస్తుందని అందులో ఉంది. రక్తం తీసేటప్పుడు మేము తిన్నారా అని అడుగుతాం గాని, జుట్టుకు ఏమైనా వాడుతున్నారా అని అడగం. డాక్టరు గారికి చెప్పి, బయోటిన్ ఆపిన కొన్ని రోజుల తరువాత మళ్లీ పరీక్ష చేయించండి. ఈ లోపు ఆ రిపోర్టును చూసి థైరాయిడ్ మోతాదు తగ్గించుకోకండి.

నన్ను ఇంకా ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఏడు రకాలున్న ఆ డబ్బాలో బి12 ఎక్కడ? అది మొక్కల్లో దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది. గుడ్డు కూడా లేని ఇంట్లో ఆధారమంతా పాలూ పెరుగుల మీదే. దానికి పైన, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారికి బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. కాళ్ల తిమ్మిర్లు మధుమేహం వల్ల వచ్చినా, బి12 లోపం వల్ల వచ్చినా బయటికి ఒకేలా ఉంటాయి. మల్టీవిటమిన్‌లో ఉంటుందిగా అని మీరు అనవచ్చు. చాలా వాటిలో ఉండేది ఒక మైక్రోగ్రాము. లోపాన్ని పూడ్చే మాత్రల్లో 1,500 పెడతారు, ఎందుకంటే పెద్ద మోతాదులో ఒంటికి చేరేది నూటికి ఒక వంతు మాత్రమే.

ఇంకొక్క మాట. ఐరన్ మాత్ర అట్ట వెనుక ఫోలిక్ ఆమ్లం ఎంత ఉందో చదివి చెప్పగలరా?

సీతమ్మధార అమ్మాయి

ఇప్పుడే చూశాను. 1.5 మిల్లీగ్రాములు అని ఉంది.

సూక్ష్మదర్శిని

అనుకున్నంతా అయింది. బి12 తక్కువైనప్పుడు సాధారణంగా రక్తకణాలు ఉబ్బి, రక్తహీనత కనిపించి, మాకు అనుమానం కలుగుతుంది. ఫోలిక్ ఆమ్లం ఆ రక్తహీనతను సరిచేసేస్తుంది, నరాలకు జరిగే నష్టాన్ని మాత్రం ఆపదు. రక్త పరీక్ష చక్కగా ఉంటుంది, కాళ్లు మొద్దుబారుతూ ఉంటాయి. వచ్చే వారం రక్తం ఇచ్చేటప్పుడు బి12 కూడా రాయమని అడగండి. ఆ పరీక్ష అయ్యే వరకు బి12 మాత్ర మొదలు పెట్టకండి, లేకపోతే అంకె పైకి కనిపించి మళ్లీ అయోమయం.

గాజువాక కుర్రాడు

పెద్దలు క్షమించాలి, చర్చ మధ్యలో నా సందేహం. నా బరువు 68 కిలోలు. ఆరు నెలలుగా జిమ్‌కు వెళ్తున్నాను. అక్కడి శిక్షకుడు ప్రోటీన్ పొడి రోజుకు రెండు చెంచాలు తప్పనిసరి అంటున్నారు. ఆ డబ్బా ఆయన దగ్గరే కొనాలి, నెలకు నా జీతంలో ఎనిమిదో వంతు దానికే పోతోంది. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ముద్ర ఉంది గాని, అంకెలు గీరితే ఊడి వస్తున్నాయి. ఇంట్లో తినే తిండితో ఇది సాధ్యం కాదా?

పోపుల పెట్టె

బాబూ, నేను పోషకాహార సలహాదారుని, ఎంవీపీ కాలనీలో ఉంటాను. నీ లెక్క వేసి చూపిస్తాను. మామూలుగా పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు, అంటే నీకు 56 గ్రాములు. బరువులెత్తుతున్నావు కనుక 80 దాకా పెట్టుకుందాం. ఉదయం రెండు గుడ్లతో 12, 13 గ్రాములు వస్తాయి. గుప్పెడు వేరుశనగ గింజలతో 7. మధ్యాహ్నం గట్టి పప్పు ఒక గిన్నె వేసుకుంటే 7, అన్నంతోనే మరో 7 లేదా 8. అన్నంలో ప్రోటీన్ లేదని అందరూ అనుకుంటారు గాని, మనం తినే పరిమాణానికి అది తక్కువేమీ కాదు. గడ్డ పెరుగు ఒక గిన్నె 6. సాయంత్రం ఉడికించిన శనగలు, పచ్చివిగా తూచితే 50 గ్రాములు, 9 ఇస్తాయి. రాత్రి 150 గ్రాముల చేపో కోడిమాంసమో వండితే 30. ఇప్పుడు నువ్వే కలుపుకో. పొడి వాడితే తప్పని నేను అనను, అది పాల విరుగుడు నీళ్లను ఆరబెట్టినదే. వండుకునే తీరిక లేని రోజున పనికొస్తుంది. తప్పనిసరి అన్న మాట మాత్రం అబద్ధం. 2024 మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ కండల కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనే ఉంది.

లైసెన్సు అంకెలు 14 ఉండాలి. ఊడివస్తున్నాయంటే అది కొనవలసిన సరుకు కాదు. ఇటువంటి పొడుల డబ్బాల మీద వైద్య అవసరాలకు కాదని కూడా రాసి ఉండాలి, మన నిబంధన అది. అమ్మేవాడే సలహా ఇచ్చేవాడైన చోట ఎవరి లాభం మాట్లాడుతుందో నీకు వేరే చెప్పాలా?

సీతమ్మధార అమ్మాయి గారూ, పసుపు సారం గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. పోపులో వేసే చిటికెడు పసుపు వేరు, ఆ మాత్ర వేరు. మాత్రలో పసుపులోని కర్‌క్యుమిన్‌ను గాఢంగా తీసి, ఒంటికి బాగా పట్టడానికి మిరియాల సారం కలుపుతారు. అలా బాగా పట్టడమే కొందరిలో కాలేయానికి చేటు తెస్తోందని వైద్య పత్రికల్లో వస్తోంది. వంటింటి వస్తువు కదా అన్న నమ్మకంతో దానిని మందుల జాబితాలో చెప్పరు. డాక్టరు గారికి చెప్పండి.

జాలారిపేట

చేప నూనె గురించి నేను నాలుగు మాటలు రాయవచ్చునా? మాది వేటకెళ్లే కుటుంబం. సీసా ముందువైపు 1000 మిల్లీగ్రాములు అని ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే గుండెకు మంచిదని చెప్పే ఒమేగా-3 కొవ్వులు రెండూ కలిపి 300 దగ్గర ఉంటాయి. మిగిలినది ఉత్త నూనె. మా రేవులో దొరికే కవళ్లు 100 గ్రాములు తింటే అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు అంటే చవక చేపలని మేడల వాళ్లు ముఖం తిప్పుకుని, కోనాం, చందువాల కోసం బారులు తీరతారు. నిజానికి నూనె ఎక్కువగా ఉండేది ఈ చవక చేపల్లోనే. మా అమ్మ నెత్తళ్లను తల గిల్లి, పొట్ట తీసి, ముల్లుతో సహా చింతపండు పులుసులో పెడుతుంది. ముల్లు మెత్తబడి నోట్లో నలిగిపోతుంది. కాల్షియం కోసం మా ఇంట్లో ఎవరూ మాత్ర వేసుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక ఇప్పుడు పచ్చి చేప ప్రియం, ఎండు నెత్తళ్లే గతి. వాటిలో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు రెండు మూడుసార్లు వేడి నీళ్లలో కడిగి వండుకోవాలి.

శాకాహారులకు ఈ సలహా పనికిరాదని తెలుసు. అమ్మగారికి నిజం చెప్పేయండి, అదే నా మాట.

చోడి అంబలి

మీ అందరి కంటే వయసులో పెద్దవాణ్ణి, నాది విజయనగరం వైపు పల్లె, ఇప్పుడు పెందుర్తిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా రోజుల్లో ఉదయం చోడి అంబలి (చోళ్లంటే మీరనే రాగులే), లేకపోతే తరవాణిలో చద్దన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మా నాన్న ఎనభై దాటి బతికాడు, ఏ మాత్రా ఎరగడు. చోళ్లలో ఉన్న కాల్షియం పాలలో కూడా లేదని మీ శాస్త్రజ్ఞులే అంటున్నారు. ఈ మాత్రలన్నీ కంపెనీల మాయ. సముద్రం ఒడ్డున, ఇంత ఎండలో ఉండి విటమిన్ డి లేదనడం కంటే వింత ఉందా?

గ్రంథాలయం మూల

పెద్దాయన మాటలో సగం నాకు సమ్మతమే, సగం కాదు. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట వాస్తవం. అయితే గింజలోని ఫైటేట్లు అనే పదార్థాలు దానిలో కొంత భాగాన్ని కదలనివ్వవు. నానబెట్టి మొలకెత్తించినా, అంబలిని రాత్రంతా పులియబెట్టినా ఆ కట్టు సడలుతుంది. మీ ఇంట్లో ఆడవాళ్లు పులియబెట్టిన అంబలిలో ఆ తెలివి ఉంది. బజారులో దొరికే చోడి బిస్కెట్టులో లేదు.

కానీ మా రోజుల్లో అందరూ దిట్టంగా ఉండేవారన్న మాట ఒప్పుకోలేను. గంజాం నుంచి విశాఖ, గోదావరి మీదుగా సాగే ఈ సర్కారు తీరమే ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుపడిన ప్రాంతం. కాళ్లు మొద్దుబారడం, నీరు పట్టడం, చివరకు గుండె ఆగిపోవడం. కారణం తెల్లగా మరపట్టిన పచ్చి బియ్యం: థయామిన్ అనే బి1 విటమిన్ తవుడులో పోయేది, మిగిలిన కొంచెం కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోయేది. ఉప్పుడు బియ్యం తినేవారికి ఈ జబ్బు అంతగా రాలేదు, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధన కేంద్రమే పెరిగి, 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇప్పుడు మనం అంకెలన్నీ తెచ్చుకుంటున్నది ఆ సంస్థ నుంచే; దాని పుట్టుకకు మూలం మనలాంటి అన్నం కుండలే. గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకునేవారు, వార్చిన గంజిని ఉప్పు వేసి తాగేవారు తెలియకుండానే బాగుపడ్డారు.

ఎండ మాటకు వస్తే, బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసే తెల్లవారు వేళ నడిచేవారికి గాలి దొరుకుతుంది గాని విటమిన్ డి పెద్దగా దొరకదు. చర్మంలో దానిని తయారుచేసే కిరణాలు సూర్యుడు పైకెక్కాకే నేలకు చేరతాయి. మన నీడ మన కంటే పొట్టిగా ఉన్న వేళ అన్నది గుర్తు. ఆ వేళకు మనమందరం ఏసీ గదుల్లో ఉంటాం, బయటికి వస్తే చున్నీ, గొడుగు, పొడుగు చేతులు. ఎండ ఊరికి ఉంది, ఒంటికి లేదు.

చోడి అంబలి

బెరిబెరి సంగతి నాకు తెలియదు నాయనా. మా మేనత్త ఒకరు కాళ్లు వాచి, నడవలేక చిన్న వయసులోనే పోయారు. దిష్టి అన్నారు అప్పట్లో.

పాడేరు పంతులమ్మ

మన్యంలో బడి పంతులమ్మను నేను. పోయిన ఏడాది రేషను బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు నీటిపై తేలాయని, ప్లాస్టిక్ బియ్యం ఇచ్చారని ఊరంతా గగ్గోలు పెట్టింది. తల్లులు ఆ గింజలను ఒక్కొక్కటే ఏరి పారేశారు. అవి పిండికి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యపు గింజ ఆకారంలో వత్తినవి. నూటికి ఒక గింజ చొప్పున కలిపారు. అంటే ఏరి పారేసినది సరిగ్గా పిల్లలకు కావలసిన భాగమే. మంచినీళ్ల గ్లాసులో వేసి, పొయ్యి మీద ఉడికించి, చేత్తో నలిపి చూపిస్తే తప్ప నమ్మలేదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రదీ ఇదే కథ: పరగడుపున మింగించిన ఒక రోజున నలుగురికి వాంతులయ్యాయి, ఆపై నెల రోజులు ఎవరూ నోరు తెరవలేదు. ఇప్పుడు మధ్యాహ్న భోజనం అయ్యాకే ఇస్తున్నాం. చేతికి దొరికిన రోజున సగం జామకాయ కూడా ఇస్తే, అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా పడుతుంది.

కంపెనీల మాయ అన్న పెద్దాయనకు ఒక్క మాట. కొండ ప్రాంతాల్లో గొంతు కింద గలగండాలతో తిరిగే ఆడవాళ్లను మా అమ్మమ్మ తరం కళ్లారా చూసింది. ఉప్పులో అయొడిన్ కలిపితే అవి తగ్గుతాయని హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో 1956 నుంచి పరీక్షించి నిరూపించిన వారిలో ముఖ్యులు వి. రామలింగస్వామి గారు, శ్రీకాకుళంలో పుట్టి, మన ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినవారు. ఉప్పు ప్యాకెట్టు రూపంలో మనమందరం రోజూ ఒక సప్లిమెంటు తింటూనే ఉన్నాం.

రాత్రి డ్యూటీ

నేను ఇక్కడే హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. రెండు వైపులా కొంత అతి ఉంది కనుక రాస్తున్నాను. లోపం లేనివారికి విటమిన్ మాత్రలు గుండెజబ్బును, క్యాన్సర్‌ను ఆపుతాయన్న ఆశతో పెద్ద పరీక్షలే జరిగాయి. అమెరికాలో 25,871 మందిని తీసుకుని, కొందరికి రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డి, కొందరికి చేప నూనె ఇచ్చి, అవి ఇవ్వనివారితో పోల్చి ఐదేళ్లు చూస్తే, గుండెజబ్బు, క్యాన్సర్ రెండింటి విషయంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారి మీద జరిపి 1994లో ప్రకటించిన పరీక్షలో, బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. క్యారెట్లు తింటే రాని ముప్పు మాత్రలతో వచ్చింది. కనుక ఏమైనా మేలే కదా అన్న ధోరణి తప్పు.

అలాగని మాత్రలన్నీ దండగ అనడమూ తప్పే. 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్లలోని గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతోందని కనిపెట్టారు. అందులోని పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని 1940లలో ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. గర్భం దాల్చక ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకుంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయి. ఈ మేలు ఆకుకూరలతో మాత్రమే సాధించడం కష్టం. అదే ఫోలిక్ ఆమ్లం సీతమ్మధార వారి అమ్మగారిలో బి12 లోపాన్ని దాచి ఉండవచ్చు. మందు అదే, మనిషి వేరు.

మా ఓపీలో వాడే మందులేమిటి అని అడిగితే మాత్రల పేర్లు చెబుతారు, పొడులు, ఆకు రసాలు, గుళికలు చెప్పరు. మేమూ రద్దీలో అడగం. రేకు డబ్బానే పట్టుకుని వెళ్లండి.

సీతమ్మధార అమ్మాయి

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. డబ్బాను సంచిలో పెట్టుకునే వెళ్లాం. డాక్టరు గారు బల్ల మీద ఒక్కొక్కటీ పేర్చి, ఇవన్నీ నేను రాసినవేనా అని అడిగారు. అమ్మ గోడ మీద క్యాలెండరు వైపు చూసింది.

బి12 పరీక్షలో 128 వచ్చింది, ఆ ప్రయోగశాల కనీస హద్దు 200. విటమిన్ డి 112, అంటే ఎక్కువే, రక్తంలో కాల్షియం కూడా అంచు మీద ఉంది. బయోటిన్ ఆపిన వారం తరువాత చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ 8.4 తేలింది. పడిపోయిందనుకున్నది నిజానికి ఎక్కువగానే ఉందన్న మాట. సూక్ష్మదర్శిని గారు చెప్పకపోతే మేము మోతాదు తగ్గించుకుని ఉండేవాళ్లం. డాక్టరు గారు మోతాదు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు, వేళలు మార్చారు. థైరాయిడ్ మాత్ర తెల్లవారి అయిదున్నరకు మంచినీళ్లతో, కాఫీ ఆరున్నరకు. విటమిన్ డి, బయోటిన్, పసుపు సారం, మల్టీవిటమిన్ పూర్తిగా ఆపేశారు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ బాగానే ఉన్నాయని ఐరన్ కూడా తీసేశారు. కాల్షియం ప్రస్తుతానికి వద్దని, రక్తంలో అది దిగివచ్చాక మళ్లీ చూద్దామని అన్నారు. కొత్తగా చేరినది బి12 సూది మందు ఒక్కటే. ఆ తరువాత మాత్రగా మారుస్తారట. ఏడు వేసుకుంటున్న మనిషికి కావలసినది ఎనిమిదోది అయింది.

తిమ్మిర్లు ఎడమ కాలిలో కొంత నెమ్మదించాయి, కుడి అరికాలు అలాగే ఉంది. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుందని, ఆలస్యంగా గుర్తించిన కొన్నింటిలో పూర్తిగా పోకపోవచ్చునని కూడా చెప్పారు.

జాలారిపేట వారికి: చెప్పేశాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఇన్నాళ్లు తిన్న పాపం ఎవరి ఖాతాలో పడుతుందని అడిగి, తనే పిన్ని కూతురి ఖాతాలో వేసింది. ఇప్పుడు ఎంవీపీ రైతు బజారులో అవిసె గింజలు కొని, ఎండుమిరప, వెల్లుల్లితో కారప్పొడి కొట్టింది. చేప నూనెలో ఉన్న రకం ఒమేగా దీనిలో నేరుగా ఉండదని పోపుల పెట్టె గారు నాకు విడిగా చెప్పారు గాని, ఆ పొడి వేడి అన్నంలో నెయ్యితో బాగుంది కనుక నేను ఆ మాట అమ్మకు చెప్పలేదు.

ఆరు వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చేయించాలి. అంకె రాగానే ఇక్కడే రాస్తాను.